వంటింటి సందేహాలు: ఓవెన్‌లో చిలగడదుంప

ఈ నెల ఉత్తరాల సంచిలో చిలగడదుంప గోలే ఎక్కువ. కొత్తగా ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొన్నవాళ్లు, పొయ్యి బూడిద రుచి మరిచిపోలేనివాళ్లు, దుంప ఎంతసేపటికీ మెత్తబడలేదని విసిగినవాళ్లు, అందరూ రాశారు. ఒకే సందేహం ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒక ఉత్తరమే తీసుకున్నాం. పేర్లు వద్దన్నవాళ్లు ఉన్నారు కాబట్టి అందరివీ ఊరి పేరుతోనే వేస్తున్నాం.

ఈ మధ్యే ఓటీజీ కొన్నాం. దాంతో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టు ముందుగా పది నిమిషాలు వేడి చేసి, 220 డిగ్రీల్లో నలభై నిమిషాలు ఉంచాను. తొక్క అక్కడక్కడ మాడింది. లోపల ఉడికింది గాని చప్పగా ఉంది. అవే దుంపలు మా అత్తగారు పొయ్యి బూడిదలో కప్పెట్టి తీస్తే బెల్లంలా ఉంటాయి. లోపం దుంపలో ఉందా, ఓవెన్‌లో ఉందా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

రెండింటిలోనూ లేదమ్మా. వేడిని తొందరపెట్టడంలో ఉంది.

పచ్చి చిలగడదుంపలో ఉండే తీపి కొద్దిపాటిదే. ఎక్కువ భాగం పిండి. కాలుతున్నప్పుడు ఆ పిండిని విరిచి చక్కెర చేసే ఎంజైము దుంపలోనే ఉంటుంది. దాన్ని బీటా అమైలేజ్ అంటారు, అది తయారుచేసే చక్కెర పేరు మాల్టోజ్. పచ్చి పిండి మీద ఈ ఎంజైముకు పెద్దగా పట్టు దొరకదు. పిండి రేణువులు వేడికి నీరు పీల్చి ఉబ్బి, గంజిలా సాగాలి. అది ఇంచుమించు 65 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. 80 డిగ్రీలు దాటితే ఎంజైమే పనికిరాకుండా పోతుంది. అంటే తీపి పుట్టేది ఆ పదిహేను డిగ్రీల మధ్య దుంప గడిపినంతసేపే. ముందే భగభగమని కాగి ఉన్న 220 డిగ్రీల ఓవెన్‌లో పెడితే, ముఖ్యంగా తొక్క కింది కండ, ఆ మధ్యకాలాన్ని పరుగున దాటేస్తుంది. ఉడుకుతుంది, తియ్యబడదు. మీ అత్తగారి బూడిద నిప్పుకి దుంపకి మధ్య అడ్డు నిలబడి వేడిని కొంచెం కొంచెంగా వదులుతుంది. ఆవిడకి ఎంజైము పేరు తెలియకపోవచ్చు, పని మాత్రం అదే చేయిస్తున్నారు.

ఓవెన్‌లో అదే పని ఇలా చేయించండి. ఒక్కోటి 200 నుంచి 250 గ్రాములు తూగే దుంపలు, నడుం దగ్గర నాలుగైదు సెంటీమీటర్ల లావున్నవి, అన్నీ ఒకే తీరువి ఏరుకోండి. మట్టి పోయేలా పీచుతో రుద్ది కడిగి, బట్టతో పూర్తిగా తుడవండి. తడి ఉంటే తొక్క ఉడికి తోలులా సాగుతుంది. తొక్క తీయొద్దు, రెండు కొసలూ కోయొద్దు. ఫోర్కుతో ఆరేడు చోట్ల ఒక సెంటీమీటరు లోతున పొడవండి. పొడవకపోతే ప్రతిసారీ పేలుతుందని కాదు, పేలిన ఒక్కసారి రాడ్లకు అంటుకున్న గుజ్జు గీకడానికి ఒక పూట పడుతుంది. దుంపకు అర చెంచా చొప్పున వేరుశనగ నూనె గాని నువ్వుల నూనె గాని పట్టించండి. నూనె రాస్తే తొక్క తినేలా ఉంటుంది, రాయకపోతే కాగితంలా ఊడి వస్తుంది. మీకు ఏది కావాలో అది.

ఓవెన్‌ను ముందుగా వేడి చేయకండి. చల్లటి ఓవెన్‌లో మధ్య అరలో కమ్మీల జల్లెడ మీద, దుంపకూ దుంపకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ వదిలి పేర్చండి. కింది అరలో ట్రే పెట్టండి, పాకం కారుతుంది. పై రాడ్డు, కింది రాడ్డు రెండూ వెలిగేలా మీట తిప్పి 130 డిగ్రీల్లో నలభై నిమిషాలు ఉంచండి. ఆ తర్వాత తలుపు తీయకుండానే 200కి పెంచి ఇంకో ముప్పై అయిదు, నలభై నిమిషాలు. మొదటి నలభై నిమిషాలూ తీపి కోసం, తర్వాతివి మెత్తదనం కోసం, తొక్క కింద గోధుమరంగు పాకం కోసం. సన్నని కత్తి గాని స్వెట్టర్లు అల్లే సూది గాని నడుం దగ్గర గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగాలి. కొస దగ్గర కాదు సుమా, కొస ఎప్పుడూ ముందే ఉడుకుతుంది. ఆపేశాక తలుపు మూసే ఉంచి పది నిమిషాలు ఆగితే లోపలి ఆవిరి సర్దుకుని, తొక్క గుజ్జునుంచి వదులుతుంది.

రెండు అంచెలు విసుగనిపిస్తే చల్లటి ఓవెన్‌లో పెట్టి నేరుగా 190 డిగ్రీలకు తిప్పండి. 150 గ్రాముల దుంపకు యాభై నిమిషాలు, 250 గ్రాములకు గంటా పది, 400 గ్రాములదైతే గంటన్నర. తీపి కాస్త తగ్గుతుంది గాని చప్పగా మాత్రం ఉండదు.

మాది కొరాపుట్. సంతలో కొన్న దుంపలు పది రోజులు నిలవుంచి కాల్చాను. గంటన్నర అయినా నడుమ గట్టి గుండులా ఉండిపోయింది. చుట్టూ మెత్తగా ఉంది. రెండోసారి కాల్చినా అంతే. ఎత్తు ప్రాంతం కాబట్టి ఉడకదంటున్నారు, నిజమేనా?

ఎత్తు మీద నెపం వేయడం సరికాదండీ. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. దానివల్ల వంట థర్మామీటరు దుంపలో గుచ్చినా 96, 97 దాటి చూపించదు, అంతే. చిలగడదుంప మెత్తబడటానికి అది చాలు. పప్పు విషయం వేరు.

మీ దుంపలు చలి తగిలినవి. చిలగడదుంప వేడి దేశపు పంట. 12 డిగ్రీలకన్నా చల్లగా కొన్ని రోజులు ఉంటే లోపలి కణాలు దెబ్బతిని, కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఎంతసేపు కాల్చినా, ఉడకబెట్టినా నడుమ భాగం మెత్తబడదు. పచ్చిగా ఉన్నప్పుడు పైకేమీ కనబడదు, అదే చిక్కు. మీ జిల్లాలో జనవరి రాత్రులు పది డిగ్రీల లోపలికి దిగుతుంటాయి. దుంపల్ని వసారాలో సిమెంటు గచ్చు మీద పోసి ఉంటారు, లేదా ఫ్రిజ్‌లో పెట్టి ఉంటారు. రెండూ ఒకటే. గట్టిపడ్డ దుంపల్ని ఇక ఓవెన్‌లో పెట్టకండి. తురిమి కూరలోనో, సన్నగా చెక్కి వేపుడులోనో వాడుకోవచ్చు, విషమేమీ కాదు.

నిలవుంచడానికి వంటింట్లో పొయ్యికి ఒక మూరెడు దూరంలో, గాలాడే వెదురుబుట్టలో అడుగున ఎండుగడ్డి పరిచి పెట్టండి. 13 నుంచి 16 డిగ్రీలు దానికి ఇష్టమైన వేడి. అంతకన్నా కాస్త ఎక్కువైనా ఫరవాలేదు, మొలకలు తొందరగా వస్తాయంతే. ప్లాస్టిక్ సంచిలో కట్టి పెడితే చెమ్మ పట్టి కుళ్లుతుంది.

ఇంకో సంగతి. చేలో తవ్విన మర్నాడే కాల్చిన దుంప పెద్దగా తియ్యగా ఉండదు. తవ్వేటప్పుడు తగిలిన గీతలు మానడానికి 30 డిగ్రీల వేడి, బాగా తేమ ఉన్న గాలి నాలుగైదు రోజులు కావాలి. రైతు నుంచి నేరుగా కొంటే నీడలో పరిచి పైన తడిపి పిండిన గోనెపట్టా కప్పండి, పట్టా దుంపకు తగలకుండా. ఆ తర్వాత రెండు మూడు వారాలు ఊరుకుంటే నిలవలోనే కొంత పిండి చక్కెరగా మారుతుంది. సంక్రాంతికి తవ్విన దుంప శివరాత్రికి ఎక్కువ తియ్యగా ఉండటం అందుకే.

మా ధర్మాబాద్ దిక్కు కందగడ్డ అంటే రతాళె. మీ పత్రికల చిలగడదుంప అని రాస్తరు. ఆంధ్ర దిక్కు నుంచి వచ్చిన మా కోడలు కంద అంటే దురద పెట్టే గడ్డ అంటది. ఓవెన్ల పెట్టేది ఏ గడ్డ?

మీ కందగడ్డే అమ్మా. మీరంతా ఒకే దుంప గురించి మాట్లాడుతున్నారు, మీ కోడలు తప్ప. చిలగడదుంప, మొరంగడ్డ, మీ కందగడ్డ, రాయలసీమ గెనుసుగడ్డ, మరాఠీ రతాళె, ఒడియా కందమూళ అన్నీ ఒకటే. మీ కోడలు చెప్పే కంద మరాఠీలో సూరణ్, ఒడియాలో ఓలువ. అది చేమ జాతిది. కాల్షియం ఆక్సలేట్ సూదుల వల్ల గొంతు దురద పెడుతుంది, చింతపండు లేకుండా దాని జోలికి పోకూడదు. చిలగడదుంప తూటికూరకు దగ్గరి చుట్టం. పేరు మీద నమ్మకం లేకపోతే కోసి చూడండి. చిలగడదుంప కోతకు తెల్లని జిగురుపాలు చిమ్ముతాయి. ఆ జిగురు చేతికి అంటితే సబ్బుకు లొంగదు, కొబ్బరినూనె రాసి తుడవండి.

గుణుపురం దగ్గర పల్లె మాది. సాయంత్రం వేళ కరెంటు మందంగా ఉంటుంది. మీరు లోగడ చెప్పిన టైముకి ఏదీ ఉడకదు. ఓటీజీ 1500 వాట్లది. ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గు కూడా వేడెక్కుతోంది.

ముందు ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేయండి బాబూ, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. 1500 వాట్ల ఓవెన్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మామూలు చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లకే. ఫ్రిజ్‌కీ గీజరుకీ పెట్టే పదహారు ఆంపియర్ల పెద్ద సాకెట్టు కావాలి, ఎర్త్ తీగ ఉండాలి. గంటకు పైగా వెలిగే వంట కదా, టోస్టుకు ఓర్చుకున్న బోర్డు చిలగడదుంపకు కరిగిపోతుంది.

ఇక వోల్టేజి. రాడ్డు ఇచ్చే వేడి వోల్టేజి వర్గంతో పాటు, అంటే వోల్టేజిని వోల్టేజితోనే గుణిస్తే వచ్చే లెక్కతో పాటు తగ్గుతుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే వేడి అరవై ఒక్క శాతానికి పడిపోతుంది. మీ 1500 వాట్ల ఓవెన్ 920 వాట్ల ఓవెన్ అయిపోతుంది. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ తక్కువ వోల్టేజికి మోసపోదు, 200కి చేరాకే ఆగుతుంది, కానీ చేరడానికే అరగంట పట్టొచ్చు. అందుకని మీరు గడియారం చూడటం మానేసి దీపం చూడండి. ఓటీజీ ముందు ఉండే చిన్న ఎర్రదీపం చాలా వాటిలో రాడ్లు వెలిగినంతసేపు వెలిగి, కావలసిన వేడి రాగానే ఆరుతుంది. అది మొదటిసారి ఆరిన క్షణం నుంచి లెక్కపెట్టండి. మీది ఆరకుండా వెలుగుతూనే ఉండే రకమైతే లోపల వేలాడదీసే ఓవెన్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి.

చిత్రమేమిటంటే, మందపు కరెంటు ఈ ఒక్క వంటకు మేలే చేస్తుంది. వేడి నిదానంగా ఎక్కుతుంది కాబట్టి మీ దుంప మీ పక్కింటి మంచి కరెంటు దుంపకన్నా తియ్యగా రావచ్చు. తొక్క మాత్రం కరకరలాడదు. ఖర్చు అడగలేదు గాని చెబుతున్నాం: ఒక విడతకు ఒక యూనిట్‌కు కాస్త అటూ ఇటూ అవుతుంది. రెండు దుంపలకూ అంతే, ఎనిమిదింటికీ ఇంచుమించు అంతే. పెట్టినప్పుడల్లా కిలో పైన పెట్టండి.

ఫాయిల్‌లో చుట్టి కాలిస్తే శుభ్రంగా ఉంటుందని అలా చేశాను. తొక్క జారిపోయి నీళ్లు కారుతోంది. విప్పి కాలిస్తే కింద పాకం కారి పొగ వస్తోంది. మధ్యేమార్గం ఉందా?
– రాయగడ

ఫాయిల్ చుట్టిన దుంప కాలదు, తన ఆవిరిలో తానే ఉడుకుతుంది. దానికి ఓవెన్ ఎందుకు, ఇడ్లీపాత్ర చాలు. కాల్చిన దుంప రుచిలో సగం నీరు తగ్గడం వల్ల వచ్చేది. 250 గ్రాముల దుంప బయటికి వచ్చేసరికి 200 దగ్గరికి తూగాలి. ఫాయిల్ ఆ నీటిని పోనివ్వదు.

పొగకు మందు దూరం. ఫాయిల్‌ను దుంపకు కాదు, కింద అరలోని ట్రేకు పరచండి. ట్రే కింది రాడ్డుకు మరీ దగ్గరగా ఉంటే పాకం పడగానే మాడుతుంది. దాన్ని ఒక మెట్టు పైకి ఎత్తండి. ఓటీజీ అట్టడుగున ఉండే పల్చటి రేకు మీద మాత్రం ఫాయిల్ పరచొద్దు. వేడి తిరగబడి ఓవెన్ చెడుతుంది, ఫాయిల్ రాడ్డుకు తగిలితే ఇంకా ప్రమాదం. మాడిన పాకం ట్రేకు అంటుకుంటే వేడినీళ్లు పోసి ఇరవై నిమిషాలు వదిలేయండి, చక్కెరే కదా, కరిగిపోతుంది. అల్యూమినియం ట్రేకు వంటసోడా వేసి రుద్దితే నల్లబడుతుంది.

మీ ఉత్తరంలో 'పుస్తకంలో చెప్పినదానికన్నా ముందే మాడుతోంది' అని చివర్లో రాశారు. థర్మోస్టాట్ ఇరవై ముప్పై డిగ్రీలు అటూ ఇటూ ఉండటం ఓటీజీల్లో మామూలే. చక్కెరతో పరీక్షించవచ్చు. చక్కెర 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చిన్న ఫాయిల్ గిన్నెలో ఒక చెంచా చక్కెర వేసి, 175కు తిప్పి బాగా కాగిన ఓవెన్‌లో పదిహేను నిమిషాలు పెట్టండి. కరగకూడదు. కరిగితే మీ ఓవెన్ చెప్పేదానికన్నా ఎక్కువ కాగుతోంది. కరగకపోతే కొత్త చక్కెరతో 195లో చూడండి, ఈసారి కరగాలి. కరగకపోతే తక్కువ కాగుతోందన్నమాట. తేడా తెలిశాక మీట పక్కన చిన్న కాగితం అంటించుకోండి.

ఎర్ర తొక్క తెల్ల దుంప, నారింజరంగు దుంప, ఊదా దుంప మూడూ దొరుకుతున్నాయి. ఓవెన్‌కు ఏది మంచిది?
– బరంపురం

ఒడిశా వాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఎక్కువ. దేశంలో చిలగడదుంప ఎక్కువగా పండే రాష్ట్రం మీదే. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థకు భువనేశ్వర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ సంస్థ తెచ్చిన వాటిలో నారింజరంగు భూ సోనా, ఊదారంగు భూ కృష్ణ ఉన్నాయి.

మా ఓటు ఎర్ర తొక్క తెల్ల దుంపకే. పిండి ఎక్కువ కాబట్టి ఎంజైముకు పని ఎక్కువ, కాలాక పొడిపొడిగా విడుతుంది. నారింజ దుంపలో నీరెక్కువ, పిండి తక్కువ. కాలిస్తే గుజ్జు హల్వాలా జారుతుంది, పాకం బాగా కారుతుంది. పది నిమిషాలు ముందే దించొచ్చు. పిల్లలకు పెట్టడానికి అదే మేలు, కెరోటిన్ బాగా ఉంటుంది. కాస్త నెయ్యి వేస్తే అది ఒంటికి బాగా పడుతుంది. ఊదా దుంప అన్నిటికన్నా బిగువు, పదిహేను నిమిషాలు అదనంగా అడుగుతుంది. పైన నిమ్మరసం పిండితే ఎర్రబారుతుంది, వంటసోడా తగిలితే నీలంగా, ఆకుపచ్చగా మారుతుంది. కంగారుపడకండి, బంతిపువ్వు రంగు కోసం ఊదా దుంప బజ్జీ పిండిలో సోడా వేసి ఏడ్చినవాళ్లు ఉన్నారు.

తెల్ల దుంప కోశాక, కాల్చాక బూడిదరంగు మచ్చలు వస్తే అది కుళ్లు కాదు. దుంపలోని క్లోరోజెనిక్ ఆమ్లం ఇనుముతో కలిసి అలా చేస్తుంది. ఇనుప కత్తిపీట బదులు స్టీలు కత్తి వాడండి.

ఒక దుంప చేదుగా ఉంది. పురుగు తిన్న భాగం కోసేసి మిగతాది బాగా కాల్చాను, అయినా చేదే. కాల్చితే విషం పోతుంది కదా?
– కాశీనగర్

పోదు. ఈ ఒక్క జవాబు మాత్రం గట్టిగా చెబుతున్నాం. ముక్కుపురుగు తొలిచినప్పుడు దుంప తనను తాను కాపాడుకోవడానికి చేదు పదార్థాలు తయారుచేసుకుంటుంది. వాటిలో ఇపోమియామరోన్ అనేది కాలేయానికి హాని చేస్తుంది. ఓవెన్ వేడికి అది పూర్తిగా నశించదు. పైగా పురుగు దారి ఒక వేలెడే కనిపించినా, చేదు దాని చుట్టూ కండలోకి పాకి ఉంటుంది. కోసినప్పుడు నల్లని సన్నని సొరంగాలు, వాటిలో రంపపు పొట్టులాంటి పొడి, ఒక ఘాటు వాసన కనబడితే దుంప మొత్తం పారేయండి. పశువులకు కూడా వేయకండి. బూజు పట్టిన చిలగడదుంపలు తిన్న పశువులకు ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

కొనేటప్పుడే చూసుకోవచ్చు. తొడిమ వైపు కొసలో గుండుసూది మొనంత నల్లటి రంధ్రాలుంటే ఆ బుట్ట వదిలేయండి. పురుగు చూడటానికి చీమలా ఉంటుంది, తల, వెనక భాగం నీలినలుపు, నడుం ఎరుపు. ఒక్క దుంపలో ఉన్నా నిలవలో పక్కవాటికి పాకుతుంది. మీకు పెరట్లో మడి ఉందని రాశారు కనుక ఇంకో మాట: నేల ఎండి నెర్రెలిచ్చినప్పుడే పురుగు ఆ నెర్రెల్లోంచి దుంప దాకా దిగుతుంది. తడి ఆరనివ్వకుండా, మొదళ్లకు మట్టి ఎగదోస్తూ ఉండండి. ముదిరిన దుంపను నేలలో నిలవుంచకండి.

ఓవెన్ లేదు. మైక్రోవేవ్ ఉంది, గ్యాసు పొయ్యి ఉంది. ఏం చేయాలి?
– సిరోంచ

మామూలు మైక్రోవేవ్‌లో ఆరేడు నిమిషాల్లో ఉడుకుతుంది, అందుకే చప్పగా ఉంటుంది. పైన చెప్పిన పదిహేను డిగ్రీల మధ్యకాలాన్ని అది నిమిషంలో దాటిస్తుంది. కన్వెక్షన్ మీట ఉన్న మైక్రోవేవ్ అయితే దాన్ని ఓవెన్ లాగే వాడండి, లోపల ఫ్యాను తిరుగుతుంది కాబట్టి 200 బదులు 180 చాలు. ఎయిర్ ఫ్రయర్‌కూ అదే లెక్క, తొక్క మాత్రం ఎండిపోతుంది, నూనె తప్పనిసరి.

గ్యాసు మీద అయితే పాత మందపాటి ఇనుప మూకుడు తీసుకోండి. నాన్‌స్టిక్ వద్దు, నీళ్లు లేని మంట మీద దాని పూత పాడై పొగలు వస్తాయి. అడుగున రెండు సెంటీమీటర్ల మందాన గల్లు ఉప్పు పోసి, దాని మీద దుంపలు పరచి, పైన గట్టి మూత పెట్టి దాని మీద రోలుబండ లాంటి బరువు. మొదట ఎనిమిది నిమిషాలు నడిమంట, ఆ తర్వాత బాగా సన్నపు సెగ మీద గంటా పావు. సగంలో ఒకసారి దుంపల్ని తిప్పండి. ఉప్పు దుంపకు అంటదు. ఆ ఉప్పు చల్లారాక డబ్బాలో పోసి దాచుకుంటే మళ్లీ మళ్లీ దీనికే పనికొస్తుంది, కూరలోకి వాడొద్దు.

నాకు షుగర్ ఉంది. కాల్చిన చిలగడదుంప మంచిదని ఒకరు, కూడదని ఒకరు. రోజుకు ఎంత తినొచ్చు?
– రిటైరైన ఉద్యోగి, బరంపురం

'ఎంత' అన్నది మీ డాక్టరుగారు మీ లెక్కలు చూసి చెప్పాలి గాని మేం చెప్పకూడదండీ. 'ఎలా' అన్నది చెప్పగలం. ఓవెన్‌లో నిదానంగా కాల్చడం అంటే దుంపలోని పిండిని కావాలని చక్కెరగా మార్చడమే. అందుకే అదే దుంప కాల్చి తింటే ఒంట్లో చక్కెర త్వరగా పెరుగుతుంది, తొక్కతో నీళ్లలో ఉడకబెట్టి తింటే అంత పెరగదు. పర్లాకిమిడి అమ్మగారికి చెప్పిన పద్ధతి మీకు సరిగ్గా తలకిందులు. నీళ్లు తెర్లుతున్నప్పుడు ముక్కలు వేసి, ఉడకగానే దించి, అన్నంతో పాటు కాకుండా అన్నం బదులు తినండి.

ఏకాదశికి కాల్చినవి అరకిలో మిగిలాయి. బూరెల్లో పూర్ణంగా వాడొచ్చా?
– పర్లాకిమిడి

ఉడకబెట్టిన దుంపకన్నా బాగుంటుంది. నీరు ముందే తగ్గి ఉంటుంది కాబట్టి మూకుట్లో దగ్గరపెట్టే శ్రమ తక్కువ, నూనెలో బూరె పగలదు. తొక్క, కొసల పీచు పోగా మీకు నాలుగు వందల గ్రాముల గుజ్జు వస్తుంది. మామూలుగా శనగపప్పు పూర్ణానికి సమానంగా వేసే బెల్లం ఇక్కడ సగమే వేయండి, 200 గ్రాములు. బెల్లం కరిగాక గుజ్జు వేసి అయిదు నిమిషాలు కలిపి, రెండు చెంచాల బియ్యప్పిండి, యాలకులు. చల్లారాక ఉండ చేసి అరచేతిలో పెట్టి చూడండి, చదునుగా జారితే ఇంకో చెంచా పిండి. మిగిలిన గుజ్జు ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. కాల్చాక ఫ్రిజ్ తగలడంలో తప్పు లేదు, పచ్చిదానికే అది శత్రువు.

మొలకలొచ్చిన దుంప కాల్చుకోవచ్చా? బంగాళదుంప మొలకలు విషం అంటారు కదా.
– కొరాపుట్, డిగ్రీ విద్యార్థిని

బంగాళదుంప వంకాయ కుటుంబం, దాని మొలకల్లో సోలనిన్ ఉంటుంది. చిలగడదుంపకు ఆ బెడద లేదు. మొలకలు గిల్లేసి కాల్చుకోవచ్చు, లేత చిగుళ్లు కూర కూడా వండుకోవచ్చు. అయితే మొలక పెరిగేది దుంపలోని పిండి తినే కాబట్టి జానెడు మొలకలొచ్చిన దుంప కాలిస్తే బెండులా ఉంటుంది. అంత ముదిరితే ఓవెన్‌కు బదులు కుండీ చూడండి. దుంపను ఇసుకమట్టిలో సగం దాకా పడుకోబెట్టి తడి చల్లుతూ ఉంటే తీగలు సాగుతాయి. ఒక అడుగు పొడవు తీగ కత్తిరించి, కింది రెండు మూడు కణుపుల ఆకులు తీసేసి ఆ కణుపులు మట్టిలోకి పోయేలా నాటండి. మీ చలికి ఇప్పుడు నాటితే కదలదు, ఎండలు ముదిరేదాకా ఆగండి.